పేరు రాయని కానుక

"ఈ చెక్క ఇంకొక్కపూట పెట్టినారంటే ఎనుము మీకు దక్కదు పెద్దాయనా" అన్నాడు పశువుల డాక్టరు అరుణ్ కుమార్.

తొట్టి పక్కనున్న మూటలోంచి దాణాగా పెట్టే వేరుశనగ చెక్క ముక్క ఒకటి తీసి విరిచాడు. లోపలంతా పచ్చటి బూజు. ఆ గేదె మేత ముట్టక, కళ్ళు పచ్చబడి, తల వేలాడేసుకుని నిలబడి ఉంది.

"తుడిచి ఎండబెడితే పోదా సారూ?" అన్నాడు బాలస్వామి.

"బూజు పోతాది. విషం యాడికి పోతాది? ఇప్పటికే కాలేయం చెడింది. సూదులేస్తా, తేరుకుంటాది. మూటను మాత్రం గుంత తీసి పూడ్చండి."

"విన్యావా?" అంది భార్య ఏసుమణి, ఎనుము మెడ నిమురుతూ.

"ఈ పొద్దే పూడుస్తాలే."

బాలస్వామి కోసిగి దగ్గర ఆ ఊరి చర్చికి సంఘపెద్ద. చర్చికి ఫ్యాను ఇచ్చి మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకున్నాడు. తిరిగేటప్పుడు పేరు కనపడదని, ఎండాకాలంలో కూడా ఆరాధన మొదలయ్యేదాకా దాన్ని వేయనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి ఒక మూట చెక్కను మట్టిపాలు చేయాలంటే చేతులు రాలేదు. భార్య పొలానికి వెళ్ళాక ముక్కలన్నీ చీపురుతో రుద్దాడు. మిద్దె మీద ఎండబెట్టి, కొత్త సంచిలో పోసి, మూతి కుట్టి, కోత పండుగ కానుకగా పాస్టరుగారి ఇంట్లో దించాడు.

"పేరు ఏమని రాయమంటారు?" అన్నాడు పాస్టరు.

"వద్దు లెండి. దేవునికి తెలిస్తే చాలు."

ఫ్యాను సంగతి తెలిసిన పాస్టరు, మనిషి మారాడని సంతోషించాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక జొన్నలు, ఉల్లిగడ్డలు, గుమ్మడికాయలు, కోళ్ళు, అన్నిటికీ ప్రార్థన చేసి చర్చి ముందు వేలానికి పెట్టారు. వేలం వేసేది ఎప్పుడూ సంఘపెద్దే. చెక్క మూట దగ్గరికి వచ్చేసరికి బాలస్వామి గొంతు పెరిగింది.

"ప్రార్థన చేసిన చెక్కప్పా ఇది. దీవెన ఉండాది దీంట్లో. ఇది తిన్న పశువుకు రోగమే రాదు."

"అంత మంచిదైతే నువ్వే పాడుకోరాదా?" అన్నాడు మారెన్న. "నీ ఎనుము ఇప్పుడిప్పుడే లేస్తాండాదంట గదా."

"పెద్దరికంలో ఉండేవాడు ముందు ఊరోళ్ళను చూడాలప్పా, తర్వాతే తన ఇల్లు."

నలుగురూ తలూపారు. నాలుగు మేకలు కాచుకునే హెన్రీ మాత్రం పట్టుబట్టి పాటను పెంచుకుంటూ పోయి, చివరికి మూటను దక్కించుకున్నాడు. కనీసం మూతి విప్పి చూడలేదు. పిచ్చోడు, అనుకున్నాడు బాలస్వామి.

"శానా మంచి సరుకు హెన్రీ, మేకలు పుష్టిగా అవుతాయి" అని భుజం కూడా తట్టాడు.

విందు భోజనం ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరితే, పశువుల కొట్టం దగ్గర హెన్రీ ఖాళీ సంచి దులుపుతూ కనిపించాడు.

"నీకేం పనప్పా ఈడ?"

"మూట మోసుకొచ్చినా బావా. పాడమనింది మా ఏసుమణి అక్కే, దుడ్లు కూడా అక్కవే. వేలం వేసేది నువ్వైతే, పాడేది మీ ఇంట్లోవాళ్ళయితే బాగుండదనింది."

బాలస్వామి తొట్టి వైపు పరుగెత్తాడు. ఏసుమణి బెల్లం నీళ్ళ చేతులు చీరకు తుడుచుకుంటూ నవ్వుతూ ఎదురొచ్చింది.

"నువ్వు పూడ్చిన చెక్కకు బదులు ఏదో ఒకటి కావల్ల గదా. తిన్న పశువుకు రోగమే రాదని నువ్వే చెప్తివి. ఇన్నాళ్ళ ఆకలేమో, తొట్టి నాకేసింది చూడు."