రెండో రిపోర్టు

"తేలిందా బాబూ?" ల్యాబ్ కిటికీ అవతల నుంచి పెద్దాయన అడిగాడు. ఆయన మనవరాలు ఐసీయూలో ఉంది.

"తేలింది తాతా. జన్యుపరీక్షలో న్యుమోనియా తెచ్చే క్రిమేనని వచ్చింది."

"మొన్న నోట్లో ఉండే మామూలు క్రిమేనని రాశారటగా! అది చూసే మందు ఆపేశారు."

"రెండూ కవలల్లా ఉంటాయి తాతా. జన్యుపరీక్షలోగానీ తేడా తెలీదు."

ఆ పరీక్ష అయ్యేదాకా ఆగకుండా మొన్నటి రిపోర్టు మీద సంతకం పెట్టింది నేనే.

"పోనీలే, మొత్తానికి దొంగను పట్టుకున్నావు. నీ చదువు చల్లగుండా! ఇటివ్వు, డాక్టరు చేతిలో పెడతా," అంటూ కాగితం అందుకున్నాడు.

ఇంతలో ఐసీయూ నర్సు ఫోన్ చేసింది. "పాప రిపోర్టు ఇక పంపనక్కర్లేదండీ," అంది మెల్లగా.

తల తిప్పేసరికి పెద్దాయన రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు.