పింగాణీ పన్ను

పేరావధాని గారు చెరుకు ముక్క కొరికారు. చెరుకు విరగలేదు, ముందు పన్ను విరిగింది.

మర్నాటి నుంచి తణుకులో ఆయన భారతం చెప్పాలి. వినడానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం బళ్ళు కట్టుకుని వస్తున్నారు. ఈయన ‘శ్రీ’ అందామంటే ఈల వస్తోంది. నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని అరుగు మీద దిగులుగా కూర్చున్నారు.

ఆ సాయంత్రం పాత కోటు తొడుక్కున్న ముసలాయన ఒకడు అరుగు కింద నిలబడ్డాడు.

“నా పేరు ఏసుపాదమండి. రంగూన్‌లో పళ్ళు కట్టే పని చేస్తానండి. మీ సంగతి విని వచ్చాను. పన్ను మొదలు గట్టిగా ఉంటే చాలండీ, దానిమీద కిరీటంలా కూర్చోబెట్టేస్తాను.”

దూదిలోంచి ఒక పన్ను తీసి ఎండకు పట్టుకున్నాడు.

వెలుగు దాని లోపలికి దిగింది. మొదలు దగ్గర లేత పసుపు, అంచున నీలి ఛాయ. దేవుడు చేసిన పన్నుకూ దీనికీ తేడా ఏమిటో అవధాని గారికి అంతుపట్టలేదు. చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

“దేంతో చేశావయ్యా?”

“పింగాణీ అండి.”

చాచిన చెయ్యి వెనక్కి వచ్చింది. పింగాణీలో ఎముకల పొడి కలుపుతారని ఆ ఇంట్లోకి గిన్నె కూడా రానివ్వరు.

“ఎముక నోట్లో పెట్టుకుని భారతం చెప్పమంటావా?”

“ఇందులో ఎముక లేదండి. తెల్లమట్టి, రాతిపొడి. అంతా నిప్పులో కాలింది.”

“మావాళ్ళు ఎవరైనా పెట్టించుకున్నారా? ఒక్క పేరు చెప్పు, నేనూ పెట్టించుకుంటాను.”

ఏసుపాదం ఏదో చెప్పబోయి ఆగాడు.

“ఒకరి నోటి సంగతి ఇంకొకరికి చెప్పనండి.”

“ఉంటే కదా చెప్పడానికి,” అన్నారు అవధాని గారు వెటకారంగా.

అతను పన్నును మళ్ళీ దూదిలో చుట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు గురువు సోమయాజులు గారు శిష్యుడి పురాణం వినాలని రాజమండ్రి నుంచి పడవలో వచ్చారు. అవధాని గారి చదువంతా ఆయన నోటి వెంట విని నేర్చుకున్నదే. పాదాలకు మొక్కి, తన కష్టమూ వచ్చినవాడి సంగతీ చెప్పుకున్నారు.

“ఏసుపాదమా? ఎక్కడున్నాడు?” గురువు గారు లేచి నిలబడ్డారు.

“తెల్లవారుజామున కాకినాడ పడవెక్కాడుటండి. రంగూన్ వెళ్ళిపోతున్నాడు. ఒక్క పేరు చెప్పమంటే చెప్పలేకపోయాడు.”

గురువు గారు మళ్ళీ కూర్చున్నారు.

“చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను నాయనా.”

అవధాని గారు రెప్ప వేయకుండా ఆయన నోటి వంకే చూస్తూ ఉండిపోయారు.

“నువ్వు చదువుకోవడానికి మా గుమ్మం తొక్కేనాటికే నా ముందు పళ్ళు రెండూ అతను పెట్టినవి.”