మొసలి వైపు

“కదలకు బాబాయ్,” అంది నర్సు. పడవవాడి చెంపలో, కంటికి అంగుళం దూరంలో, నా గాలం ముల్లు దిగబడి ఉంది.

“నువ్వెప్పుడూ పడవకి ఆ చివరే కదా కూర్చునేది. గాలం విసిరే మనిషి పక్కకెందుకెళ్లావు?”

అతను నా వైపు చూడలేదు. “మర్చిపోయానమ్మా. వయసు మీదపడింది.”

అది అబద్ధం. పొద్దున్న పడవెక్కగానే నేనే అతన్ని పిలిచి, నాకూ నీళ్లకూ మధ్య కూర్చోబెట్టుకున్నాను, మొసలి వస్తే ముందు అతను దొరుకుతాడని. ఆ మాట పైకి అనలేదు గానీ, అతనికి అర్థం కాకపోలేదు.

“మొసలి కరిచినవాళ్లు చాలామంది వస్తుంటారా ఇక్కడికి?” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“నేనొచ్చి పదకొండేళ్లు. ఒక్కరూ రాలేదు.” ఆవిడ ముల్లు తీసి, కిటికీలో ఉన్న గాజు సీసాలో వేసింది. సీసాలో సగానికి పైగా ముళ్లే. “ఇవన్నీ మీలాగా చేపల సరదాకి వచ్చినవాళ్లవే.”

తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడే మా అమ్మాయి ఫోన్ చేసింది.

“నాన్నా, మొసలి కనిపించిందా?”

గది చిన్నది. ఆ మాట అందరికీ వినిపించింది. నేను ఫోన్‌ని అరచేత్తో మూశాను.

“కనిపించిందనండి సార్,” అన్నాడు పడవవాడు, చెంపకి దూది అదుముకుంటూ. “పిల్లలు ఆశపడతారు, పాపం.”

చేతులు కడుక్కునే చోట, గోడ అద్దంలో నా మొహం నాకే ఎదురుగా ఉంది.

“కనిపించింది తల్లీ,” అన్నాను.