చీకటిగదిలో గంటసేపు

"కాళ్ళు చాపుకో. కళ్ళు మూసుకో. మాత్ర ఒంటికి పట్టాలి" అంటూ అత్తగారు కర్టెన్ లాగేసి, తలుపు దగ్గరగా వేసి, బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. తెల్లారకముందే బేకరీకి వెళ్ళి, కేకుల మీద క్రీము పూలు వేసి వేసి వచ్చిన మనిషి. సింకులో అంట్లు, బకెట్లో బట్టలు, తానేమో పట్టపగలు మంచం మీద. మందు కాబట్టి కళ్ళు మూసుకుంది.

నెలనెలా బహిష్టుకు ముందు ఆమె తన స్వాధీనంలో ఉండేది కాదు. రొమ్ముల్లో సలుపు, ఊరికే కన్నీళ్ళు, అంతలోనే పట్టరాని కోపం. ఈసారి పాలు ఒలకబోసిందని కూతురి మీద చెయ్యి చేసుకుంది. పిల్ల ఏడవలేదు. గోడకు అతుక్కుపోయి బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆ చూపుకు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

మర్నాడు అత్తగారే డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకెళ్ళింది. అక్కడ ఉన్నంతసేపూ కోడలు వెక్కుతూనే ఉంది, ఒక్క మాటా చెవికెక్కలేదు. డాక్టరమ్మ ఇచ్చిన విటమిన్ మాత్రలు ఎలా వాడాలో అత్తగారే ఇంటికొచ్చి అందరికీ ఒప్పజెప్పింది. భోజనం కాగానే మాత్ర. వెంటనే చీకటిగదిలో గంటసేపు పడక. ఆ గంటా ఎవరూ పలకరించకూడదు, లేకపోతే మందు పనిచెయ్యదు.

మొదట్లో ఆ గంట ఎంతకీ గడిచేది కాదు. రానురాను మంచం పడవలా మెల్లగా కదలడం మొదలుపెట్టింది. కర్టెన్ అంచున వెలుగు నీళ్ళలా ఊగేది. భర్త అంట్లు తోముతున్న చప్పుడు ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపించేది. తలుపవతల కూతురి గుసగుస.

"మాత్ర ఇంకా కరగలేదా నానమ్మా?"

"కరుగుతోంది. నువ్వు అవతలికి పో."

వినీ వినకుండా నవ్వుకుంటూ ఆమె తేలిపోయేది.

నెలలు తిరిగాయి. ఆ రోజులు వచ్చాయి, పోయాయి. సలుపు కాస్త మిగిలింది గాని, కోపం ఇల్లు దాటిపోయింది. కూతురు మళ్ళీ వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంది.

మాత్రలు అయిపోతే ఈసారి కోడలు ఒక్కతే వెళ్ళింది. మందు బ్రహ్మాండంగా పనిచేసిందని చెప్పి, బేకరీలో పని పెరిగింది, పడక అరగంటకు తగ్గిస్తే ఫరవాలేదా అని అడిగింది.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది.

"పడుకోమని నేనెప్పుడు చెప్పానమ్మా?"