ఇంటిల్లిపాదీ పడవెక్కాలి

బంద్ రోజే పడవెక్కాలని తిరుపతి పట్టుబట్టాడు.

బాపిరాజు గుండె గుంతలో దిగిన సిటీ బస్సులా ఎగిరిపడింది. చేపలకు ఈత నేర్పింది తానేనని గోదావరి జిల్లా నుంచి చెప్పుకొంటూ వచ్చిన మనిషి. హైదరాబాద్ కొత్తపేటలో పడవ షికార్ల దుకాణం పెట్టి, కాలేజీ పిల్లల్ని కర్ణాటకలోని దాండేలి తీసుకెళ్ళేవాడు. అక్కడ కాళీ నది సుళ్ళలో రబ్బరు పడవ ఎక్కించి, ఎముక విరక్కుండా వెనక్కి తెచ్చేవాడు. దుకాణం మీదే ఇల్లు.

తెలంగాణ ఉద్యమం భగభగమంటున్న రోజులు. తిరుపతి ఆ పేటకు నాయకుడు. చెయ్యెత్తితే ఎల్బీనగర్ దాకా షట్టర్లు టపటపా పడాల్సిందే. పోయిన బంద్‌లో బాపిరాజు షట్టర్ సగమే దించి, కింద నుంచి బేరం చేస్తూ దొరికిపోయాడు. "యాదుంచుకుంట రాజన్నా" అని వెళ్ళిన తిరుపతి, ఇదిగో, ఇవాళ ఒంటరిగా వచ్చి కూర్చున్నాడు.

"బంద్ నాడు మీరు ఊళ్ళో లేకపోతే ఎలాగండీ?"

"గది నేను జూస్కుంట. నీళ్ళు జోరుగుంటయా?"

"డ్యామ్ వదిలితే ఏనుగుని కూడా దొర్లించేస్తాయండి."

"పడవ తిరగవడితే?"

"జాకెట్టు తేలుస్తుందండి."

"జాకెట్టు ఊడితే?"

"ఊడకూడదండి."

"మంచిది. నువ్వు గూడ ఒస్తున్నవ్. వదినె, పాప, మీ అమ్మ, అందరు. ఇంట్ల పిల్లి గూడ మిగలొద్దు."

"అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ. పైన ఇంట్లో పడుంటుంది లెండి."

"ఎత్తుకొస్త. ఎవ్వనికి చెప్పకు. చెప్తే ఇద్దరికీ మంచిగుండది."

కాదంటే దుకాణం ఉండదు. అవునంటే మనుషులుండరు. బాపిరాజుకి అలాగే తోచింది.

రాత్రి అన్నాల దగ్గర భార్య సూర్యప్రభ గొణిగింది. "సగం షట్టర్‌కి ఇంటిల్లిపాదినీ నీళ్ళలో తోస్తారటండీ ఎవరైనా?"

"మొహం చూశావా? ఒక్కసారైనా నవ్వాడా?" అన్నాడు బాపిరాజు.

బాపిరాజు జన్మలో తీసుకోనన్ని జాగ్రత్తలు తీసుకున్నాడు. జాకెట్ల పట్టీలు గుంజి గుంజి చూశాడు. హెల్మెట్లు నేలకేసి కొట్టాడు. ఒడ్డు నుంచి విసిరే తాడుకి తానే వేలాడాడు. తాడు కోసే కత్తి మాత్రం చొక్కా కింద నడుముకి కట్టుకున్నాడు.

ముందురోజే బయల్దేరి దాండేలి చేరారు. బంద్ రోజు పొద్దున కాళీ నది పొయ్యి మీద మరిచిన పాలలా పొంగుతోంది. తల్లి శేషారత్నాన్ని తిరుపతి నిజంగానే వీపున మోసుకొచ్చి ఒడ్డున కూర్చోబెట్టాడు. మిగిలినవాళ్ళు పడవెక్కారు. బాపిరాజు తెడ్డు పట్టి వెనక కూర్చున్నాడు. ఇంటర్ చదివే కూతురు తేజస్విని ముందు కూర్చుంది.

"పాప ఎన్క నేను కూసుంట" అన్నాడు తిరుపతి.

సూర్యప్రభ కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళనూ, తెలియని దేవుళ్ళనూ పిలవసాగింది.

పెద్ద సుడిలో పడవ నిట్టనిలువుగా లేచింది. తిరుపతి రెండు చేతులూ తేజస్విని మెడ మీద పడ్డాయి. బాపిరాజు తెడ్డు వదిలేసి కత్తి లాగాడు. నీళ్ళు ముఖాన కొట్టాయి. ఏమీ కనబడలేదు. పడవ దబ్బున పడి, నెమ్మది నీళ్ళలోకి జారింది.

తేజస్విని పడవలోనే ఉంది. ఆమె జాకెట్టు కాలరు తిరుపతి పిడికిట్లో ఉంది.

"జారిపోయేదాన్ని నాన్నా! అంకుల్ లాగేశారు!" అని పగలబడి నవ్వుతోంది.

తిరుపతి నవ్వలేదు. ఒడ్డుకి చేరగానే ప్లాస్టిక్ కవర్లోని ఫోన్ మోగింది. విన్నాడు. "ఊ" అన్నాడు. అంతే, ఇసుకలో కూలబడ్డాడు.

బాపిరాజు చేతిలో కత్తి అలాగే ఉంది. "మమ్మల్నందర్నీ ఇక్కడికెందుకు తెచ్చావురా? నిజం చెప్పు!"

తిరుపతి కత్తి వైపు చూసి కూడా కదల్లేదు.

"నీ దుకాణం, ఇల్లు మావోళ్ళు కాలవెట్టిండ్రన్నా, ఎంత జెప్పినా ఇనలే, లోపల మనుషులు లేకుంట జేసుడొక్కటే నా చేతుల ఉండె."