చేతివాసి

మునిరత్నం వేళ్ళు కొంకర్లు పోయాయి. రబ్బరు సంచి చేతిలోంచి జారింది.

పాప ఛాతీ పైకి లేవలేదు.

అంతలో వెనకనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి సంచి అందుకుంది. ఒత్తింది. పాప ఛాతీ లేచింది.

"నువ్వు లెయ్యప్పా. రొంతసేపు నేను ఒత్తుతా."

మాసిన పంచె, పెరిగిన గడ్డం, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. ఎవరో ఏమిటో అడిగే ఓపిక కూడా లేదు మునిరత్నానికి. మంచంకోడుకు ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

మునిరత్నానిది నగరి. మగ్గం నేస్తాడు. తెల్లవారుజామున పెరట్లోకి పోయిన కూతురు వనజను పాము కరిచింది. దొరికిన లారీ ఎక్కించి తిరుపతి ఆసుపత్రికి తెచ్చేసరికి పాప రెప్పలు వాలిపోయాయి. మాట పడిపోయింది. డాక్టరు ఛాతీ చూశాడు, నాడి చూశాడు, మారు మాట్లాడకుండా గొంతులోకి గొట్టం దించాడు. పంకజాక్షి సిస్టర్ పరుగున రబ్బరు సంచి తెచ్చి గొట్టానికి తగిలించింది.

"విషానికి సూది వేశాం. అది పనిచేసేదాకా పాపకు గాలి మనమే కొట్టాలి. మిషన్ లేదు. ఉన్నవి చేతులే. ఆపితే మాత్రం పాప దక్కదు," అని చెప్పి డాక్టరు ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన మాత్రం ఎంతమందినని చూస్తాడు?

ఒత్తడం, వదలడం. వినడానికి అంతే. పొద్దంతా మగ్గం లాగేవాడికి ఇదొక పనా అనుకున్నాడు మునిరత్నం. మధ్యాహ్నానికి భుజాలు తనవి కానట్టయిపోయాయి.

"నీ ఊపిరితో పాటే ఒత్తప్పా," అన్నాడు కొత్తమనిషి. "నువ్వు పీల్చినప్పుడు ఒత్తు. నువ్వు విడిస్తే విడువు. అప్పుడు తప్పిపోదు."

గేటు ఎదురుగా ఉన్న గుడికి వెళ్ళిన మునిరత్నం తల్లి సుబ్బులమ్మ అప్పుడే తిరిగివచ్చింది. కాణిపాకం వినాయకుడికి మొక్కుకుని, కుంకుమా, ఆకులో పొంగలీ తెచ్చింది.

"ఎవురప్పా నువ్వు?"

"పలమనేరు పక్క పెద్దమ్మా. ఈ వార్డులోనే ఉంటిమి."

"నీ బిడ్డా ఈడనే ఉండాడా?"

"ఆ."

"ఎట్టుండాడు?"

అతను పాప ఛాతీ మీదనుంచి చూపు తిప్పలేదు. "వాడికిప్పుడు ఏ కష్టమూ లేదు పెద్దమ్మా."

సుబ్బులమ్మకు పొద్దుటినుంచీ విన్న మాటల్లో ఇదొక్కటే మంచిమాట. "సల్లగుండు నాయనా. నీ చేతివాసి మా పాపకు గూడా రానీ."

అతను తల వంచుకుని సంచి ఒత్తుతూనే ఉన్నాడు.

ఆమె మనవరాలి నుదుట కుంకుమ పెట్టి, అతనికీ పెట్టబోయింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నాకొద్దు పెద్దమ్మా."

"పొంగలన్నా తిను. ఎప్పుడు తిన్నావో ఏమో."

"ప్రసాదం ముట్టను. ఏమనుకోవద్దు."

తిరుపతిలో నిలబడి దేవుడి ప్రసాదం వద్దనే మనిషిని సుబ్బులమ్మ ఇంతవరకూ చూడలేదు. పొద్దుటినుంచి గుండెల్లో అణచుకున్న భయమంతా అతని మీద విరుచుకుపడింది.

"స్వామినే కాదనేవోడి చెయ్యి మా పాప మింద ఎందుకు? ఏమన్నా అయితే ఎవురు పడేది? లెయ్యప్పా, లెయ్యి!"

"ఊరుకోమ్మా," అన్నాడు మునిరత్నం.

"నువ్వు ఊరుకోరా. నీకేం తెలుసు!"

మునిరత్నం లేచి సంచి అందుకున్నాడు. ఒత్తడం కుదిరేదాకా ఆ మనిషి పక్కనే ఆగాడు.

"చేతులు మార్చుకోని ఒత్తప్పా. నిలపొద్దు," అని వరండాలోకి వెళ్ళిపోయాడు.

మునిరత్నానికి సిగ్గేసింది. వెనక్కి పిలుద్దామనుకున్నాడు. కానీ తల్లితో పోట్లాడే శక్తి లేదు. చెయ్యి ఖాళీ లేదు.

పొద్దు వాలుతుండగా పాప రెప్పలు కదిలాయి. కాసేపటికి వేళ్ళు కదిలాయి. డాక్టరు వచ్చి సంచి ఆపించి, పాప ఛాతీకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఛాతీ లేచింది. దానంతట అదే లేచింది.

"ఇంక పర్వాలేదు," అన్నాడు డాక్టరు.

మునిరత్నం మంచం పట్టె మీద తల ఆనించి బావురుమన్నాడు. సుబ్బులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆ మనిషి గుర్తొచ్చాడు.

"పాపం, నోటికొచ్చినట్టు అనేస్తినే. పిలుచుకోని రారా, ఒక మంచిమాట చెప్పి పంపిస్తాం."

వార్డంతా వెతికారు. వరండా చూశారు. ఎక్కడా లేడు. మందుల బల్ల దగ్గర పంకజాక్షి సిస్టర్ కనబడితే అడిగారు.

"ఆయనా? వాళ్ళూరినించి జీపొచ్చింది. కొడుకును తీసుకోని పోయినాడు."

"బాగయిందా? పోనీలేమ్మా, మంచి కబురు," అంది సుబ్బులమ్మ.

సిస్టర్ ఆమెకేసి చూసింది. పొద్దుటినుంచి నిలువుకాళ్ళ మీద ఉంది. మాట మెత్తగా చెప్పే ఓపిక ఆమెకూ లేదు.

"సావు మైల అని తెలిస్తే మీరు పాపను ముట్టనీరని, నన్ను చెప్పొద్దని బతిమాలినాడు పెద్దమ్మా."

"మైలా? ఎవురిది?"

"మెదడు జొరంతో పిల్లోడు పోయినాడని డాక్టరు చెప్పినా ఆయన ఒత్తేది నిలపలా, మీరు పాపను మోసుకోని లోపలికొస్తా ఉంటే సూసి, తనే కొడుకు గొట్టంనించి ఆ సంచి ఊడదీసి నా చేతిలో పెట్టినాడు."