ఇంకిన నీళ్ళు

"ఈడ ట్యాంకు పెడితే ఊరుకునేది లే!" పెంచలమ్మ వచ్చి గుంతకు అడ్డంగా నిలబడింది.

నరేంద్రబాబు మేడమీద కొత్త గదులు వేస్తున్నాడు. వాటి సెప్టిక్ ట్యాంకు కోసం ప్రహరీ వారన తవ్వించిన గుంత అది. గోడ అవతల ముప్పై గజాల్లో కాలనీ చేతిపంపు. చుట్టూ రొయ్యల గుంటలు, ఉప్పు కయ్యలు. నలభై గడపలకు మంచినీళ్ళంటే ఆ ఒక్క పంపే.

ఇంజనీరు సంజీవరావు ఇంట్లో తాగే నీళ్ళ బోరు మోటారు వేయించి, గుంతలో పైపు పెట్టించాడు. నిండిన నీళ్ళు చూస్తుండగానే ఇసకలోకి ఇంకిపోయాయి.

"భేషైన నేల! ఎన్ని నీళ్ళొచ్చినా తాగేస్తుంది."

"ఇంకిన నీళ్ళు యాడికి పోతాయి సారూ?"

నరేంద్రబాబుకు ఒళ్ళు మండింది.

"ఉప్పు మోసేదానివి, మాకు చెప్పొచ్చినావా మే?"

అంతే! పెంచలమ్మ కయ్యల దగ్గరికి పోయింది. నలుగురు ఆడవాళ్ళతో ఆరు బస్తాల ఉప్పు మోయించుకొచ్చి గుంతలో గుమ్మరించింది.

"ఉప్పు మోసేదాన్నే! మూడు దినాలు నీళ్ళు ఒదులు నరేంద్రబాబన్నా. మా పంపు ఉప్పగా వస్తే గుంత పూడ్చాల."

"రాకపోతే?"

"ఇంక నోరెత్తను. నీ ట్యాంకుకు నేనే తట్ట మోస్తా."

నరేంద్రబాబుకు హుషారొచ్చింది. "మోటారు ఆపబాకండ్రా! మూడు దినాలూ ఆడనీండి!"

మొదటి రోజు పంపు నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు తెల్లారి కాలనీ అంతా పంపు చుట్టూ మూగింది. పెంచలమ్మ దోసిలి పట్టి గుక్క తాగింది. తీపే! సంతోషించాల్సింది పోయి ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఉప్పగుండాయని చెప్పెయ్ అక్కా, ఎవురు చూడొచ్చినారు?" అంది పక్కనున్న అబిగయీలు.

"అబద్ధమాడి నెగ్గే ఖర్మ నాకేంది?"

తలెత్తుకునే నరేంద్రబాబు వాకిట్లోకి నడిచింది. "తియ్యగానే ఉండాయన్నా. నేను ఓడిపోయినా."

నరేంద్రబాబు మీసం దువ్వాడు. "ఇంకేం, తట్ట అందుకో."

పెంచలమ్మ పళ్ళు బిగబట్టి తట్ట మీదికి వంగింది. అప్పుడే వంటింట్లోంచి అతని భార్య భానుప్రియ కేక వినపడింది.

"ఏవండీ! పాలు మార్చినా, చక్కెర మార్చినా, ఈ కాఫీ ఉప్పగానే ఉండాదే!"